ఆటోనగర్ లేతు పెద్దాయనకి దణ్ణం

అందరికీ నమస్కారమండి. నాలుగు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు, వేళ్ళ సందుల్లో గ్రీజు ఇంకా వదల్లేదు. తప్పులుంటే సర్దుకోండి. నిన్న సాయంత్రం బండి కదిలింది.

నాకున్నది ఒక్కటే బండి, స్కిడ్ స్టీర్ లోడరు. ఏ కంపెనీదైనా మా అనపర్తి వైపు బాబ్‌క్యాట్ అనే అంటారు. కోళ్ళఫారాల్లో షెడ్ల కింద పేరుకున్న ఎరువు ఎత్తడం దాని పని. జేసీబీ దూరని చోట ఇది దూరుద్ది. మిగతా బళ్ళలాగా దీనికి చక్రాలు పక్కకి తిరగవు. ఒక పక్కవి ఆపి రెండో పక్కవి తిప్పితే, నేలని ఈడ్చుకుంటూ బండే తిరుగుద్ది. ఆ ఈడ్పు మొత్తం యాక్సిల్ (చక్రం బిగించే ఇరుసు) బేరింగుల మీదే పడుద్ది. పైగా ఎరువులో పురికొసలు, తీగముక్కలు. అవి చక్రం వెనక చుట్టుకుని, ఆయిలు బయటికి కారకుండా ఆపే సీళ్ళని కోసేశాయి. చక్రాల్ని తిప్పే చైన్ల పెట్టెలో ఆయిలంతా కారిపోయి కుడిపక్క రెండు యాక్సిళ్ళూ ఊగడం మొదలెట్టాయి. రెండుసార్లు సీళ్ళు మార్పించా, రెండుసార్లూ వారం తిరక్కుండానే కారింది. రోహిణి కార్తె వెళ్ళేలోపు మూడు షెడ్లు ఖాళీ చేస్తానని మాటిచ్చి ఉన్నా. తొలకరి పడి ఎరువు తడిసిందంటే ఈగలు, కంపు. తర్వాత దాన్ని తీసుకెళ్ళే రైతే ఉండడు.

సర్వీసువాళ్ళకి ఫోన్ చేస్తే బేరింగులు విడిగా అమ్మరట. యాక్సిల్ సెట్టు మొత్తం కొనాలి, డబ్బు ముందే కట్టాలి, సరుకు 25 రోజులకి వస్తుంది. పోనీ పార్టు నంబరన్నా చెప్పండంటే అది బయటికి చెప్పకూడదట. మనం కొన్న బండికి మనకే రహస్యాలు! ఇన్సూరెన్సు అడిగితే అరుగుదలకి వర్తించదన్నారు. కిస్తీ కోసం ఫోన్ చేసే కుర్రాడు మాత్రం పొద్దున పది గంటలకి ఒక్కరోజు తప్పలేదు.

రాజమండ్రిలో రెండు లేతు (ఇనుముని తిప్పుతూ చెక్కే మిషను) షాపులవాళ్ళు చూసి పెదవి విరిచారు. ఎవరో విజయవాడ ఆటోనగర్ వెళ్ళమన్నారు. యాక్సిళ్ళు రెండూ గోనెసంచిలో చుట్టి బస్సెక్కా. అక్కడికి చేరేసరికి పొద్దు వాలిపోయింది. ఒకరు రేపు రమ్మన్నారు, ఒకరు అసలు సంచే విప్పనివ్వలేదు. ఎనిమిదింటికి, షట్టరు సగం దించిన ఒక లేతు ముందు అరుగు మీద కూలబడ్డా.

లోపల్నించి ఒక పెద్దాయన వచ్చి ముందు సంచి వంక చూశారు, తర్వాత నా వంక. "అన్నం తిన్నావా బాబూ?" అన్నారు.

అంతేనండి. నలభై రెండేళ్ళవాణ్ణి, నడిరోడ్డు మీద ఏడ్చేశా. ఆ నాలుగు రోజుల్లో నన్ను అందరూ డబ్బు గురించే అడిగారు.

ఆయన తన క్యారేజీ విప్పి సగం నాకు పెట్టారు. దొండకాయ వేపుడు, మజ్జిగ. నేను తింటుంటే ఒక యాక్సిల్ తీసి, సీలు కూర్చునే చోట గోరుతో గీరి చూశారు. "ఇదిగో, గోరు తట్టుకుంటోంది. ఇక్కడ గాడి పడింది. నువ్వెన్ని కొత్త సీళ్ళేసినా నిలవవు" అన్నారు. నాకింతవరకూ ఎవరూ ఈ ముక్క చెప్పలేదు! ఆ గాడిని లోతుగా చెక్కితే యాక్సిల్ బలం పోతుందని, ఒక సన్నటి రింగు తీశారు. దాన్ని సీలు వెనక వేసి, సీలుని మూడు మిల్లీమీటర్లు జరిపితే చాలట, సీలు అంచు అరగని చోట నడుస్తుంది. రెండో దాని లోపలికొసన బేరింగు కూర్చునే చోటే అరిగిపోయింది. అక్కడ కాస్త కాస్త వెల్డింగు పోసి, గబుక్కున చల్లారితే పగులుద్దని బూడిదలో కప్పెట్టి, ఆ తర్వాత లేతు మీద సైజుకి తెచ్చారు. పాత బేరింగుని గుడ్డతో తుడిచి, దానిమీదే చెక్కి ఉన్న నంబరు నాచేత చదివించారు. సర్వీసువాళ్ళ రహస్యం అదేనండి.

పని అయ్యేసరికి రాత్రి రెండున్నర. ఎంతివ్వమంటారంటే వెల్డింగు రాడ్ల ఖర్చని 600 తీసుకున్నారు. ఇంకో నోటు జేబులో పెట్టబోతే చెయ్యి తోసేశారు. "బేరింగుని సుత్తితో బాదకు. నూనెలో వేడి చెయ్యి, దానంతటదే జారుద్ది. చేత్తో తిప్పితే కాస్త బిగువుండాలి, ఊగకూడదు" అని రెండుసార్లు చెప్పించుకున్నారు. తెల్లారి ఆయనే ఫోన్ చేసి మొదట అడిగిందేంటంటే, "బకెట్ చేతులు పైకెత్తి దాని కింద దూరావా? అవి మీద పడకుండా లాకు వేశావా?" అని. వెయ్యలేదండి. అప్పుడు బయటికొచ్చి వేశా. బిగిస్తున్నంతసేపూ వీడియో కాల్లో ఉన్నారు. పేరు రాస్తానంటే వద్దన్నారు, "రాస్తే రేపట్నించి అందరూ రాత్రిపూటే వస్తారు" అని నవ్వారు. అందుకే రాయలేదు. పెద్దాయనా, మీకు నా దణ్ణం.

మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టింది, తమ్ముడు రెండు రోజులు పని మానుకుని చక్రాలు ఊడదీశాడు. ఇంట్లోవాళ్ళకి ఇక్కడ చెప్పేదేముంది.

అయ్యో, పదకొండింటికి లుంగీతోనే దిగొచ్చి షాపు తీసి బేరింగులిచ్చిన ఆయన్ని మర్చిపోయా. ఆయనకీ కృతజ్ఞతలు. సంచికి లగేజీ కొట్టకుండా ఊరుకున్న కండక్టరు గారికి కూడా (ఏ డిపోయో చెప్పన్లెండి). బండిని పైకెత్తే చైన్ పుల్లీ అరువిచ్చిన ఫారం ఆయనకి. ఎరువులో పడిపోయిన బోల్టుని అయస్కాంతంతో వెతికిచ్చిన చిన్నోడికి ఐస్‌క్రీం బాకీ ఉన్నా.

రామవరప్పాడు రింగు దగ్గర తెల్లవారుజామున నన్నెక్కించుకున్న గుడ్ల లారీ అన్నా, నువ్వు చదువుతావో లేదో. నీ సీటుకి గ్రీజు మరక అంటింది, అప్పుడు చెప్పలేకపోయాను. కిరోసిన్ గుడ్డతో రుద్దితే పోతుంది.