అతికించిన లేటెక్స్ పరుపులు ఆపేస్తున్నాం: పొరలు ఎంచుకోవడం, ఇంట్లో సరిచేసుకోవడం

కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ నెల నుంచి ఆరంగుళాల లేటెక్స్ (రబ్బరు పాల నురగ) పరుపుని, పొరలు గమ్ముతో అతికించి ఇవ్వడం మానేస్తున్నాం. ఇకపై మా దగ్గర ఉండేది ఒకటే: రెండేసి అంగుళాల పొరలు మూడు, విడివిడిగా, చుట్టూ జిప్ ఉన్న కాటన్ కవర్లో. కవర్ ఖరీదు కలుస్తుంది కాబట్టి అతికించిన పరుపు కంటే ధర కొంచెం ఎక్కువే పడుతుంది. ఆ ఎక్కువ ఎందుకో ముందు చెప్తాం. జిప్ పరుపు ఇప్పటికే తీసుకున్నవాళ్లు ఆ తర్వాతి భాగం తప్పకుండా చదవండి, మాకు ఫోన్ చేసే పని చాలావరకు తప్పుతుంది.

షాపులో ఐదు నిమిషాలు పడుకుంటే తెలిసేది పై రెండంగుళాల సంగతే. అది కూడా అందరూ వెల్లకిలా పడుకుని చూస్తారు, ఇంట్లో పక్కకి తిరిగి నిద్రపోతారు. తుంటి ఎంత లోపలికి దిగుతోంది, నడుము కింద ఆధారం ఉందా లేదా అన్నది కొన్ని రాత్రులు పడుకుంటే గానీ బయటపడదు. అప్పటికి పరుపు ఇల్లు చేరిపోయి ఉంటుంది. అతికించినదాంట్లో మధ్య పొర మెత్తనైతే చేసేదేమీ లేదు, పరుపు మొత్తం మార్చాల్సిందే. విడి పొరలైతే ఆ ఒక్కటి మారిస్తే చాలు. కొన్నేళ్లకి పై పొర నలిగినా అంతే, కింది రెండూ అలాగే పనికొస్తాయి.

మేం వాడేది డన్‌లప్ పద్ధతి లేటెక్స్. రబ్బరు పాలని నురగ చేసి, అచ్చులో పోసి, ఆవిరిలో ఉడికిస్తారు. మూడు డెన్సిటీల్లో ఇస్తున్నాం: 65 మెత్తన, 75 మీడియం, 85 గట్టి. ఘనపు మీటరుకి ఎన్ని కిలోలు తూగుతుందన్నదే ఈ అంకె. కాబట్టి మా మాట మీద ఆధారపడక్కర్లేదు, ఇంట్లో తూచి చూసుకోండి. 78 అంగుళాల పొడవు, 36 వెడల్పు, 2 మందం ఉన్న పొర 65 అయితే సుమారు 6 కిలోలు, 75 అయితే 6.9, 85 అయితే 7.8 కిలోలు ఉండాలి. 60 వెడల్పు పొర అయితే 10, 11.5, 13 కిలోలు. పొరలో అచ్చు వల్ల పడే సూది రంధ్రాలతో కలిపే ఈ లెక్క. పొరని చుట్టి చంకలో పట్టుకుని బరువు చూసుకునే మెషీన్ ఎక్కి, వచ్చినదాంట్లోంచి మీ బరువు తీసేయండి. చిన్న పొరలో 300 గ్రాముల దాకా తేడా మామూలే. కిలో దగ్గర తేడా వస్తే వేరే పొర వచ్చిందన్నమాట, వెంటనే చెప్పండి, మా ఖర్చుతో మారుస్తాం.

ఇక్కడొక మాట. ‘40 డెన్సిటీ ఫోమ్ గట్టిగా ఉంటుందా?’ అని చాలామంది అడుగుతారు. మామూలు ఫోమ్‌లో డెన్సిటీ మన్నికని చెప్తుంది, గట్టిదనాన్ని కాదు. 40 డెన్సిటీలో మెత్తని ఫోమూ చేస్తారు, గట్టిదీ చేస్తారు. ఒకే పద్ధతిలో చేసిన లేటెక్స్‌లో మాత్రం బరువు పెరిగితే గట్టిదనమూ పెరుగుతుంది. రెండిటి అంకెలనీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.

ఎంపిక దగ్గర మేం అడిగేవి రెండే: బరువెంత, ఎలా పడుకుంటారు. పక్కకి తిరిగి పడుకునే 55 కిలోల మనిషికి పైన 65, మధ్యన 75, అడుగున 85 పెడతాం. అలాగే పడుకునే 90 కిలోల మనిషికి పైన 65, కింద రెండూ 85. వెల్లకిలా పడుకునేవాళ్లకి పైన 75, కింద రెండూ 85 బాగుంటుంది, బరువు తక్కువైతే మధ్యన కూడా 75 సరిపోతుంది. బోర్లా పడుకునేవాళ్లు పైన 65 అడిగినా మేం వద్దనే అంటాం. పొట్ట, తుంటి దిగిపోయి నడుము వెనక్కి వంగిపోతుంది.

భార్యాభర్తల బరువుల్లో, పడుకునే తీరులో తేడా ఉంటే 72 అంగుళాల మంచానికి పై రెండు పొరలనీ 36 చొప్పున రెండు ముక్కలుగా తీసుకోండి. అడుగుది ఒకటే ఉన్నా ఫరవాలేదు. మధ్యలో చిన్న పిల్లలు పడుకునే ఇళ్లలో మాత్రం పై పొర ఒకటే ముక్కగా ఉండాలి, లేకపోతే ఆ అతుకు సరిగ్గా పిల్లవాడి వీపు కిందకి వస్తుంది. ఏడాది లోపు పసిబిడ్డని 65 పొర మీద పడుకోబెట్టకండి. వాళ్లకి గట్టిగా, చదునుగా ఉన్న వేరే పక్క కావాలి.

ఇప్పుడు అసలు విషయం. పరుపు వచ్చిన మొదటి రెండు మూడు వారాలు ఏమీ మార్చకండి. ఒళ్లు పాత పరుపుకి అలవాటు పడి ఉంటుంది, కొత్త పొరలు కూడా కాస్త వదులవ్వాలి. ఆ తర్వాత కూడా ఇబ్బంది ఉంటే ఒకసారికి ఒక్క మార్పే చేయండి, కనీసం నాలుగైదు రాత్రులు చూడండి. పొరలు, దిండు, మంచం అన్నీ ఒకే రోజు మార్చేస్తే దేనివల్ల సుఖం వచ్చిందో తేలదు.

ముందు ఎక్కడ, ఎప్పుడు నొప్పి అన్నది చూసుకోండి. పొద్దున లేవగానే నడుము పట్టేసి, పనిలో పడ్డాక ఓ గంటకి వదిలేస్తుంటే తుంటి ఎక్కువ దిగుతోందన్నమాట. నడుము ఉయ్యాలలో పడుకున్నట్టు వంగి ఉంటుంది. దీనికి కొత్త పొర కొనక్కర్లేదు. 65, 75, 85 వరుసలో ఉన్నవాళ్లు కింది రెండిటినీ తారుమారు చేయండి: పైన 65, మధ్యన 85, అడుగున 75. గట్టి పొర రెండంగుళాలు పైకి వస్తుంది కాబట్టి తుంటి ముందే ఆగుతుంది, భుజానికి మెత్తదనం మాత్రం అలాగే ఉంటుంది. మా దగ్గరికి వచ్చే నడుము ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీనితోనే తీరుతాయి.

భుజం నొప్పి, రాత్రి చెయ్యి తిమ్మిరెక్కడం ఉంటే భుజం దిగడం లేదని అర్థం. పైన 75 ఉంటే 65 పెట్టాలి. పైన 65 ఉండగానే ఇలా ఉంటే మధ్యన కూడా 65 కావాలి. అయితే దానికంటే ముందు పరుపు మీద వేసిన వాటర్‌ప్రూఫ్ ప్రొటెక్టర్ తీసి రెండు రాత్రులు పడుకోండి. సాగని గుడ్డని మూలలకి బిగించి లాగితే అది డప్పు చర్మంలా బిగుసుకుని, కింద ఎంత మెత్తని లేటెక్స్ ఉన్నా పని చేయనివ్వదు. దళసరిగా కుట్టిన క్విల్టింగ్ కవర్ మేం వాడకపోవడానికి కూడా కారణం ఇదే. సాగే అల్లిక కాటన్ కవర్ చూడ్డానికి పలచగా ఉంటుంది, కానీ పొరకి ఒంటితో పాటు వంగే వీలు ఇస్తుంది.

పరుపు మరీ మెత్తగా, ఒళ్లు కూరుకుపోయినట్టు, ఉక్కగా అనిపించేవాళ్లు 75, 65, 85 వరుస వేసి చూడండి. పైభాగం నిలకడగా ఉంటూ కింద కాస్త ఇస్తుంది. 85ని అన్నిటికన్నా పైన పెట్టే వరుసలు వెల్లకిలా, బోర్లా పడుకునే బరువైన మనుషులకి మాత్రమే.

సరిపోయిందో లేదో చూసుకోవడానికి సులువైన పరీక్షలు రెండున్నాయి. వెల్లకిలా పడుకుని ఇంట్లో ఇంకొకరిని నడుము కిందకి అరచెయ్యి పోనివ్వమనండి. చెయ్యి ధారాళంగా అటునుంచి ఇటు వెళ్తే పరుపు గట్టి. అసలు దూరకపోతే మెత్తన. కొంచెం రాసుకుంటూ వెళ్తే సరిగ్గా ఉన్నట్టు. రెండోది, పక్కకి తిరిగి పడుకున్నప్పుడు వెనక నుంచి, పరుపు ఎత్తులోనే ఫోన్ పెట్టి ఫోటో తీయించుకోండి. బిగుతు బనీను వేసుకుని మెడ కింద, వీపు మధ్యన, నడుము దగ్గర తెల్ల టేపు ముక్కలు అంటిస్తే మూడూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో ఇట్టే కనిపిస్తుంది. ఈ ఫోటో మాకు పంపితే ఏ పొర మార్చాలో ఫోన్లోనే చెప్పగలం.

మెడ నొప్పికి పొరలు మార్చకండి. పై పొర మెత్తనయ్యేకొద్దీ భుజం దిగుతుంది, అప్పుడు పాత దిండు ఎత్తైపోతుంది. పలచని దిండు తీసుకుని, కావలసినంత ఎత్తుకి కింద మడత పెట్టిన తువ్వాలు పెట్టి చూడండి. ఏ ఎత్తు కుదిరిందో తెలిశాకే కొత్త దిండు కొనండి.

మంచం సంగతి చాలామంది వదిలేస్తారు. నవారు మంచం, నులక మంచం మీద ఈ పరుపు వేయకూడదు, మధ్యలో దిగిన చోట పొరలూ దిగుతాయి. రీపర్ల మంచమైతే రీపర్ల మధ్య మూడంగుళాలకి మించి సందు ఉండకూడదు, లేకపోతే అడుగు పొర ఆ సందుల్లోకి కుంగి అక్కడే నలుగుతుంది. మంచం మీద అనుమానం ఉంటే మూడు పొరలూ కవర్‌తో సహా నేల మీద చాప పరిచి రెండు రాత్రులు వేసుకోండి. నేల మీద నొప్పి లేకపోతే లోపం మంచానిదే. రెండు రాత్రులకి మించి నేల మీద ఉంచకండి, అడుగున చెమ్మ పడుతుంది.

కాకినాడ, విశాఖ వైపు కస్టమర్లకి చెమ్మ ఇంకా పెద్ద సమస్య. సామాన్లు పెట్టుకునే బాక్స్ మంచానికి పై ప్లైవుడ్ నిండుగా ఉంటుంది, గాలి ఆడదు, ముసురు రోజుల్లో పరుపు అడుగున నల్లని బూజు చుక్కలు వస్తాయి. వడ్రంగిని పిలిచి ప్లైవుడ్‌కి ఆరేసి అంగుళాల దూరంలో అంగుళం రంధ్రాలు వేయించండి. పదిహేను రోజులకోసారి పరుపుని ఒక పక్కకి నిలబెట్టి రెండు మూడు గంటలు ఫ్యాను వేయండి.

ఎండలో మాత్రం వేయకండి. బూరుగు దూది పరుపుకి ఎండ ఎంత మేలు చేస్తుందో లేటెక్స్‌కి అంత కీడు చేస్తుంది. ఎండ తగిలిన చోట పసుపు రంగుకి తిరిగి, బిరుసెక్కి, వేలితో రుద్దితే పొడి రాలుతుంది. ఆ పొరని బాగుచేసే మార్గం లేదు. కవర్ ఉతకడానికి తీసినప్పుడు కూడా పొరల మీద పాత దుప్పటి కప్పి ఉంచండి. నీళ్లు ఒలికితే పిండకండి, తువ్వాలుతో అద్ది నీడలో ఫ్యాను కింద ఆరబెట్టండి, పూర్తిగా ఆరడానికి రోజులు పట్టవచ్చు. తలకి రాసుకునే కొబ్బరినూనె దిండు దాటి పొరదాకా వెళ్లకుండా చూసుకోండి. నూనెకి రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుంది.

పొరలు తీసేటప్పుడు ఎక్కువగా జరిగే నష్టం మూలలు చిరగడం. ఒక్కరే మూల పట్టుకుని లాగుతారు, పొర బరువుకి అదే చోట చిరుగుతుంది. ఇద్దరుండాలి. జిప్ పూర్తిగా తెరిచి కవర్ పైభాగం తీసేయండి. పొరని కాళ్లవైపు నుంచి చాపలా చుట్టుకుంటూ వచ్చి, చుట్టని అడుగు నుంచి రెండు చేతులతో ఎత్తండి. వేసేటప్పుడు తలవైపు అంచు ముందు సరిపెట్టి విప్పుకుంటూ రండి. లేటెక్స్ మీద లేటెక్స్ జారదు, కాబట్టి మెలిక పడితే లాగి సరిచేయడం కుదరదు, మళ్లీ చుట్టి వేయాల్సిందే. పొర కవర్ కన్నా అర అంగుళం పెద్దగా కోసి ఉంటుంది, బిగువుగా కూర్చోవడానికే. అందుకే జిప్ వేసేటప్పుడు ఒకరు మూలని లోపలికి నొక్కి పట్టుకోవాలి. బలవంతంగా లాగితే పళ్లు విడిపోతాయి. ప్రతి పొరకీ కాళ్లవైపు అంచున డెన్సిటీ రాసి ఇస్తున్నాం.

ఖర్చు తగ్గించుకోవాలనుకునేవాళ్లకి అడుగు 85 బదులు రెండంగుళాల కొబ్బరి పీచు పొర ఇస్తాం. కోనసీమ పీచుకి రబ్బరు పాలు పట్టించి అదిమి చేసినది. గట్టిగా ఉంటుంది, గాలి బాగా ఆడుతుంది. లేటెక్స్‌లా తిరిగి పైకి లేవదు, కొన్నేళ్లకి తుంటి కింద అణిగిపోతుంది. అప్పుడు అదొక్కటే మార్చుకోవాలి. దీన్ని మధ్యకి మాత్రం తేకూడదు. మెమరీ ఫోమ్ పై పొర ఇకపై మేం అమ్మడం లేదు. మన వేసవిలో మెత్తబడి వేడి పట్టుకుంటుంది, ఏసీ గదిలో అదే బిరుసెక్కుతుంది. ఒకే పరుపు రెండు రకాలుగా ఉంటే సర్దుబాటు చేయడం ఎవరివల్లా కాదు.

మార్పిడి పద్ధతి ఇదీ: కొన్న 90 రోజుల్లోపు ఒక పొర మార్చిస్తాం. రవాణా ఖర్చు మీది, డెన్సిటీ పెరిగితే ధరలో తేడా మీది, తగ్గితే మేం తిరిగిస్తాం. మరకలు, చిరుగులు ఉంటే తీసుకోం. వెనక్కి వచ్చిన పొరని కొత్తదని ఎవరికీ అమ్మం, కోసి కుర్చీ కుషన్లకి వాడతాం. జూన్ నుంచి ఆగస్టు దాకా కేరళలో వానలకి రబ్బరు చెట్లకి గాటు పెట్టి పాలు తీయడం తగ్గుతుంది, సరుకు ఆలస్యమవుతుంది, ధరా పెరుగుతుంది. 2024 ఆగస్టులో షీటు రబ్బరు కిలో 240 రూపాయలు దాటింది. ఆ నెలల్లో 85 పొర కావలసినవాళ్లు ముందుగా చెప్పి ఉంచండి.

రబ్బరు పడనివాళ్లు ఇంట్లో ఉంటే లేటెక్స్ తీసుకోకండి, హెచ్‌ఆర్ ఫోమ్ (రబ్బరు పాలు లేని, బాగా తిరిగి లేచే రకం ఫోమ్) పొరలతో ఇదే కొలతల్లో చేసిస్తాం. నొప్పి నడుము నుంచి కాలిలోకి దిగుతున్నా, కాలు తిమ్మిరెక్కుతున్నా పొరలు మారుస్తూ కూర్చోకండి, ముందు డాక్టర్‌కి చూపించుకోండి.

ఫోన్ చేసే ముందు పడుకునేవాళ్ల బరువు, ఏ వైపు తిరిగి పడుకుంటారు, ఇప్పుడున్న పొరల వరుస, మంచం రకం, ప్రొటెక్టర్ ఉందా లేదా రాసి పెట్టుకోండి. ఆదివారం షాపు మూసి ఉంటుంది, మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు తర్వాత తీరిగ్గా మాట్లాడగలం.