మెస్ భవనంలోనే కౌన్సెలింగ్ గది

సంపాదకులకు,

విశ్వవిద్యాలయాల్లో కొత్త మెస్ కట్టేటప్పుడు ఎంతమంది కూర్చుంటారన్న లెక్క ఒక్కటే చూస్తే చాలదు. హాస్టల్ పిల్లలంతా పూటపూటకీ వచ్చే చోటు అది. వైద్యుడి గది, కౌన్సెలింగ్ గది కూడా అక్కడే ఎందుకు ఉండకూడదు?

విశాఖలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. ఆ కౌన్సెలర్‌ను పరిపాలనా భవనంలో కూర్చోబెడితే ఎవరు వెళ్తారు? నలుగురూ చూస్తారన్న టెన్షనే ఎక్కువవుతుంది. అన్నానికి వెళ్లే దారిలోనే, తలుపు పక్కకు ఉండేలా కడితే ఎవరూ పట్టించుకోరు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే.

వంటగదిలోనూ రాజీ వద్దు. పొగ, ఆవిరి బయటికి పోవాలి. గ్యాస్ సిలిండర్లకు బయట విడి గది కావాలి. ఎంగిలి ప్లేట్లు వెళ్లే దారి, వడ్డించే దారి వేరుగా ఉండాలి. ఇవన్నీ ప్లాన్‌లోనే ఉండాలి, తర్వాత గోడలు పగలగొట్టి సర్దేవి కావు. ర్యాంపు సరేసరి. పైన యోగాకో హాలు. భోజనాల వేళ దాటాక మెస్‌కు తాళం వేయకుండా చదువుకోనివ్వాలి.

ప్లాన్ ఖరారు చేసే ముందు వంటవాళ్లనూ, హాస్టల్ విద్యార్థులనూ పిలిచి అడగాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పరిశోధక విద్యార్థిని, వరంగల్