డొమైన్ బదిలీలకు అడ్డుపడుతున్న తీరుపై ఫిర్యాదు

వరంగల్

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: మూడు డాట్ కామ్, రెండు డాట్ ఇన్ పేర్లను వేరే రిజిస్ట్రార్‌కు (డొమైన్ పేర్లు నమోదు చేసే సంస్థకు) మారనివ్వకపోవడం, బదిలీ పూర్తయిన నాలుగో డాట్ కామ్ పేరు డీఎన్ఎస్ రికార్డులను (ఆ పేరుతో వచ్చే సైట్, మెయిల్ ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పేవాటిని) చెప్పకుండా తీసేయడం.

నమస్కారం.

కొత్తవాడ దర్రీ నేత సంఘాలకు, ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి వ్యాపారం చేసే అడ్తిదారులకు వెబ్‌సైట్లు, మెయిళ్లు నడిపే పని మాది. వారి రాతపూర్వక అనుమతితో వారి తరఫున ఈ లేఖ రాస్తున్నాం. ఇక్కడ డొమైన్ పేరంటే దర్రీ అంచున కుట్టిన లేబుల్ మీదా, మిర్చి బస్తా మీదా అచ్చయిన చిరునామా. ఒకసారి అచ్చయ్యాక దాన్ని మార్చడం కుదరదు. ఆ పేర్ల మీద హక్కు వారిది. మీరు అమ్మింది నమోదు సేవ. వేరే చోటికి వెళ్తామన్నప్పుడు దారి ఇవ్వడం కూడా ఆ సేవలో భాగమే. డొమైన్ పేర్ల వ్యవస్థను ప్రపంచవ్యాప్తంగా సమన్వయం చేసే ఐకాన్ గుర్తింపుతో డాట్ కామ్ అమ్ముతున్నారు కాబట్టి ఆ సంస్థ బదిలీ విధానానికి ఒప్పందం ప్రకారం మీరు కట్టుబడాలి.

మొదటిది దర్రీ సంఘం పేరు. మీ ప్యానెల్‌లో (ఖాతా నడుపుకునే వెబ్ పేజీలో) ఆథ్ కోడ్, అంటే బదిలీకి కావాల్సిన రహస్య సంకేతం, నేరుగా తీసుకునే వీలు లేదు, టికెట్ పెట్టాలి. పెడితే వచ్చిన జవాబు: ముందు వచ్చే ఏడాది రెన్యువల్ కట్టండి, దాంతోపాటు ట్రాన్స్‌ఫర్ ప్రాసెసింగ్ చార్జీ కట్టండి, అప్పుడు కోడ్ ఇస్తాం. ఆ పేరుకు గడువు ఇంకా మిగిలే ఉంది. ఆ చార్జీ మీ ధరల పట్టికలో ఎక్కడా లేదు. కోడ్‌ను ప్యానెల్‌లో సొంతంగా తీసుకోనివ్వని రిజిస్ట్రార్, అడిగిన ఐదు క్యాలెండర్ రోజుల్లో దాన్ని ఇచ్చి తీరాలి. బదిలీని ఆపే ట్రాన్స్‌ఫర్ లాక్ తీయడానికీ అదే గడువు. రాబోయే కాలానికి డబ్బు కట్టలేదన్న కారణంతో బదిలీని నిరాకరించకూడదని విధానంలో స్పష్టంగా రాసి ఉంది. ఐదు రోజులు దాటిపోయాయి, కోడ్ రాలేదు.

దీనిమీద మీ సిబ్బంది ఫోన్‌లో ఇచ్చిన సలహా ఇంకా నష్టం చేసేది. ఎక్స్‌పైర్ కానివ్వండి, ఆ తర్వాత రెన్యువల్ చేసుకుని మార్చుకోండి అన్నారు. డాట్ కామ్ బదిలీ అయినప్పుడు కొత్త రిజిస్ట్రార్‌కు కట్టిన డబ్బుకు ఉన్న గడువు మీద ఒక ఏడాది కలుస్తుంది, మొత్తం పదేళ్లు మించకుండా. గడువు తీరిన రోజు రిజిస్ట్రీ (డాట్ కామ్ పేర్లన్నిటి మూల జాబితా ఉంచే సంస్థ) ఆ పేరును తనంతట తాను ఒక ఏడాది పొడిగిస్తుంది. ఆ తర్వాత 45 రోజుల్లోపు బదిలీ జరిగితే ఆ పొడిగింపు రద్దవుతుంది, దాని సొమ్ము రిజిస్ట్రీ నుంచి తిరిగి మీ ఖాతాలోనే పడుతుంది. అంటే కస్టమర్ మీకొకసారి, కొత్తవారికొకసారి కట్టి, చేతికి మాత్రం ఒకే ఏడాది తెచ్చుకుంటాడు. డాట్ కామ్‌కు రిజిస్ట్రీ తీసుకునే ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లయింది, ఐకాన్ రుసుము 2025 జులై నుంచి 20 సెంట్లు. వాటి మీద మీరెంత వేసుకున్నా అది మీ ధర. తిరిగొచ్చిన సొమ్ము మాత్రం కస్టమర్‌ది. గడువు ముందే రెన్యువల్ చేసి మార్చుకుంటే ఏ ఏడాదీ పోదన్న మాట మీ సిబ్బంది చెప్పలేదు. ఈ సలహాను మీ సపోర్ట్ పత్రాల నుంచి తీసేయాలి.

రెండో పేరు మీ సేవను తిరిగి అమ్మే రీసెల్లర్ తన సంస్థ పేరు మీద నమోదు చేసింది. దాన్ని అసలు హక్కుదారు పేరుకు మార్పించగానే 60 రోజుల లాక్ పడింది. పేరు, సంస్థ, ఈమెయిల్ మారితే ఆ లాక్ వస్తుందన్నది నిజమే. కానీ మార్పుకు ముందే దాన్ని వద్దనుకునే అవకాశం ఇచ్చే వెసులుబాటు రిజిస్ట్రార్‌కు ఉంది. అసలు ఉద్దేశం బదిలీ అయితే ముందు బదిలీ చేసుకుని ఆ తర్వాత పేరు మార్చుకోవాలని కస్టమర్‌కు చెప్పాల్సిన బాధ్యతా ఉంది. మీ ఫారంలో చెక్ బాక్స్ లేదు, హెచ్చరికా లేదు. టికెట్‌లో మేం రాసిన మొదటి వాక్యమే 'ఈ పేరును బదిలీ చేయాలి' అన్నది. రీసెల్లర్ చేసిన దానికి మాకు సంబంధం లేదనే జవాబు ఇక్కడ చెల్లదు. రీసెల్లర్ ద్వారా అమ్మినా బాధ్యత రిజిస్ట్రార్‌దే.

మూడో పేరుకు కోడ్ వచ్చింది, బదిలీ మొదలైంది. ధ్రువీకరణ మెయిల్ మాత్రం వాడుకలో లేని పాత చిరునామాకు పంపారు. ఐదో రోజున 'స్పందన లేనందున రద్దు చేశాం' అని రాశారు. నియమం దీనికి పూర్తిగా తలకిందులు. ఐదు రోజుల్లో హక్కుదారు ఏమీ చెప్పకపోతే బదిలీ ఆమోదం పొందినట్టే లెక్క. స్పందన లేకపోవడం నిరాకరణకు కారణం కాకూడదని కూడా అదే పత్రంలో ఉంది.

డాట్ ఇన్ పేర్లు వాటి రిజిస్ట్రీ అయిన నిక్సీ పరిధిలోవి, వాటికి ఐకాన్ విధానం వర్తించదని తెలుసు. అక్కడ మేం అడిగేది చిన్నదే: ప్యానెల్‌లో పనిచేయని అన్‌లాక్ బటన్‌ను పనిచేయించండి. రెండు పేర్లకూ ఇప్పటికీ క్లయింట్ ట్రాన్స్‌ఫర్ ప్రొహిబిటెడ్ (బదిలీకి తాళం) అనే స్థితే కనిపిస్తోంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగింది మిర్చి అడ్తి పేరు విషయంలో. అది బదిలీ అయింది. బదిలీతో నేమ్‌సర్వర్లు (పేరు తాలూకు డీఎన్ఎస్ రికార్డులు ఉండే సర్వర్లు) మారవు కదా. పేరు ఇంకా మీ నేమ్‌సర్వర్ల వైపే చూపిస్తుండగా మీరు జోన్ (ఆ రికార్డులన్నీ ఉన్న ఫైలు) తీసేశారు. దాంతో మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు పోయింది, సీజన్ నడుమ కొనుగోలుదారుల మెయిళ్లు వెనక్కి వెళ్లాయి. కొత్త నేమ్‌సర్వర్లు పెట్టినా డాట్ కామ్ రిజిస్ట్రీలో నేమ్‌సర్వర్ రికార్డుల టీటీఎల్ (ఇతరులు పాత సమాచారాన్నే దాచుకుని వాడుకునే గడువు) 1,72,800 సెకన్లు, అంటే రెండు రోజులు. అంతసేపు కొందరి రిజాల్వర్లు (పేరుకు చిరునామా వెతికిపెట్టే సర్వర్లు) మీ ఖాళీ సర్వర్లనే అడుగుతుంటాయి.

జోన్ ఎగుమతి చేసుకునే వీలు మీ ప్యానెల్‌లో లేదు, స్క్రీన్ మీద చూసి రాసుకోవాలి. అక్కడా ఒక లోపం ఉంది. టీఎక్స్‌టీ (అక్షరాలుగా సమాచారం ఉండే) రికార్డులో ఒక్కో ముక్క 255 అక్షరాలు మించకూడదు కాబట్టి 2048 బిట్ల డీకిమ్ కీ (మెయిల్ మీది డిజిటల్ సంతకాన్ని సరిచూసేది) రెండు ముక్కలుగా ఉంటుంది. మీ ప్యానెల్ మొదటి ముక్కను మాత్రమే చూపిస్తుంది. చూసింది చూసినట్టు ఎక్కిస్తే కీ సగమే వస్తుంది, సంతకం సరిపోలదు. నేరుగా పంపిన మెయిల్ ఎస్‌పీఎఫ్ (ఆ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపవచ్చో చెప్పే జాబితా) బలంతో చేరుతుంది. కొనుగోలుదారు ఆఫీసు దాన్ని అకౌంట్స్ వారికి ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ చేస్తే ఎస్‌పీఎఫ్ కూడా తప్పుతుంది, రెండూ తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్ రిజెక్ట్‌లో ఉంటే బిల్లు అక్కడికి చేరదు. పైకి అన్నీ బాగానే కనిపిస్తాయి కాబట్టి ఈ లోపం పట్టుకోవడం కష్టం.

ఈ పేరుకే డీఎన్ఎస్ సెక్ (డీఎన్ఎస్ జవాబులకు డిజిటల్ సంతకం చేసే రక్షణ) కూడా ఆన్‌లో ఉంది. ఆ సంతకానికి ఆనవాలుగా రిజిస్ట్రీలో ఉండే డీఎస్ రికార్డు తీయమంటే 'బదిలీతో అదే పోతుంది' అన్నారు. పోదు. అది రిజిస్ట్రీలో అలాగే ఉంటుంది. నేమ్‌సర్వర్లు మార్చగానే సంతకం తనిఖీ చేసే రిజాల్వర్లు వాడేవారికి సైట్ తెరుచుకోలేదు, మిగతావారికి తెరుచుకుంది. ముందే డీఎస్ తీసి, దాని టీటీఎల్ ప్రకారం ఒక రోజు ఆగి, ఆ తర్వాత నేమ్‌సర్వర్లు మార్చడం సరైన క్రమం. బదిలీకి ముందు ఆ మొదటి మెట్టు మీ చేతిలో ఉంది.

సంఘాలు మిమ్మల్ని వదలడానికి ధర ముఖ్య కారణం కాదు. కొత్త రిజిస్ట్రార్‌ను ఎంచుకునేటప్పుడు చూసినవి ఇవి: మొదటి ఏడాది ఆఫర్ కాకుండా రెన్యువల్ ధర ముందే చూపడం, కోడ్, లాక్ రెండూ ప్యానెల్‌లోనే ఉండటం, జోన్ ఫైలు దిగుమతి, ఎగుమతి, రెండంచెల లాగిన్, హక్కుదారు పేరు వ్యాపారి మీదే ఉండటం. ఇవేవీ అరుదైన సౌకర్యాలు కావు.

ఇప్పుడు మేం కోరేది. మొదటి పేరు కోడ్ ఏ షరతూ లేకుండా హక్కుదారు ఈమెయిల్‌కు పంపండి. రెండో పేరు లాక్ తీసేయండి. తీయలేమంటే హెచ్చరిక ఎక్కడ చూపించారో రుజువుతో రాయండి. మూడో పేరుకు మళ్లీ కోడ్ ఇచ్చి ఈసారి అడ్డుపడకండి. డాట్ ఇన్ రెండిటి లాక్ తీయండి. అడ్తి పేరుకు మీ బ్యాకప్‌లో ఉన్న పూర్తి జోన్ ఫైలు పంపండి; అందులోని సబ్‌డొమైన్లు కొన్ని ఇప్పటికీ పనిచేయడం లేదు. ఇకముందు ఎవరి పేరు బదిలీ అయినా కనీసం ఏడు రోజులు జోన్‌ను ఉంచండి.

ఈ-కామర్స్ నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలో పరిష్కరించాలి. కోడ్ విషయంలో ఆ నెల వర్తించదు, ఐదు రోజుల గడువు ఇప్పటికే ముగిసింది. కదలిక లేకపోతే డాట్ కామ్ పేర్లపై ఐకాన్ కాంప్లయన్స్ విభాగానికి, డాట్ ఇన్ పేర్లపై నిక్సీకి, చార్జీ విషయంలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాం.

టికెట్ నంబర్లు, మీ జవాబుల స్క్రీన్‌షాట్లు, ఐదు పేర్ల ప్రస్తుత స్థితి చూపే ఆర్‌డాప్ (డొమైన్ నమోదు వివరాలు చూపే సేవ) ప్రింట్లు, హక్కుదారుల అనుమతి పత్రాలు జతచేశాం. జవాబు ఈమెయిల్‌లోనే ఇవ్వండి, ఫోన్‌లో వద్దు. అన్నిటికంటే ముందు జోన్ ఫైలు పంపండి.

ఇట్లు,
దర్రీ సంఘాలు, మిర్చి అడ్తిదారుల తరఫున
వెబ్‌సైట్ల నిర్వాహకులు, వరంగల్