పాత కారు కొని అమ్మేవాడికి చట్టంలో చోటెక్కడ? రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పాత కారు కొని, బాగుచేయించి, కొన్నాళ్లు నడిపి మళ్లీ అమ్మడం నాకు అలవాటు. ఉద్యోగం వేరే ఉంది, ఇల్లు దాని మీదే గడుస్తుంది. కారు మీద మిగిలితే పదో పదిహేనో వేలు మిగులుతాయి, ఒక్కోసారి అవీ మిగలవు. ఇది వ్యాపారమా అని మా ఆవిడ అడిగితే కాదంటాను. మరి హాబీ అయితే పైసాపైసా లెక్కలెందుకు రాస్తున్నావంటుంది. ఆ ప్రశ్నకు నా దగ్గరే కాదు, మీ శాఖ దగ్గరా జవాబు లేదు. మీ నిబంధనల్లో ఓనర్ ఉన్నాడు, డీలర్ ఉన్నాడు. ఈ ఇద్దరి మధ్య నాలాంటివాడికి చోటు లేదు. దాని వల్ల ఏం జరుగుతోందో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఒక వ్యాగన్ఆర్ సంగతి చెప్తాను. 2012 మోడల్. రిటైరైన ఒక లెక్చరర్ గారిది, ఆయన సెకండ్ ఓనర్. లక్షా డెబ్బై వేలకు బేరం తెగింది. క్లచ్ సెట్టు, ముందు టైర్లు, బ్యాటరీ, ఎడమ పక్క డోర్‌కి టచప్, సీట్లు ఊడదీసి లోపలంతా క్లీనింగ్, అన్నీ కలిపి ఇరవై రెండు వేలు అయ్యాయి. సెకండ్ ఓనర్ బండి, ఆ కండిషన్‌లో ఉంటే, అప్పుడు మార్కెట్లో రెండు లక్షల పదిహేను వేలు పలుకుతోంది. అంటే ఇరవై మూడు వేలు మిగలాలి.

చట్టం చెప్పినట్టే బండి చేతులు మారినప్పుడు ఇవ్వాల్సిన ఫామ్ 29, ఫామ్ 30 పెట్టి ఆర్సీ నా పేరు మీదికి మార్పించాను. ఫీజులు, ఇన్సూరెన్స్ మార్పిడి, రానూపోనూ ఖర్చులు కలిపి నాలుగు వేలు పోయాయి. అసలు దెబ్బ అది కాదు. నా పేరు ఎక్కగానే బండి ‘థర్డ్ ఓనర్’ అయిపోయింది. కారు కోసం ఫోన్ చేసేవాళ్లు కిలోమీటర్లు అడగరు, మోడల్ అడగరు, ముందు ‘ఎన్నో ఓనర్ అండీ?’ అంటారు. థర్డ్ అనగానే ‘సరే, మళ్లీ చేస్తాను’ అని పెట్టేస్తారు. ఇంటిదాకా వచ్చినవాళ్లు కూడా బేరం అక్కడి నుంచే మొదలుపెడతారు. చివరికి రెండు లక్షలకు ఇచ్చేశాను. మిగిలింది నాలుగు వేలు.

అదే బండి ఒక బ్రోకర్ చేతిలో పడి ఉంటే? లెక్చరర్ గారి చేత ఫామ్ 29, 30 మీద సంతకాలు పెట్టించుకుంటాడు. కొనేవాడి పేరు ఉండాల్సిన చోట ఖాళీ, తేదీ ఖాళీ. బజార్లో వీటిని ‘ఓపెన్ ఫామ్స్’ అంటారు. నెలో రెండు నెలలో బండి తన దగ్గర ఉంచుకుని, ‘సెకండ్ ఓనర్, షోరూం ట్రాక్, ఫుల్ కండిషన్’ అని అమ్ముకుంటాడు. కొత్తగా కొన్నాయన పేరు నేరుగా లెక్చరర్ గారి తర్వాత ఎక్కుతుంది, మధ్యలో బ్రోకర్ ఉన్నట్టు కాగితాల్లో జాడే ఉండదు. ఇరవై మూడు వేలూ అతని జేబులోకి వెళ్తాయి. మంత్రి గారూ, చట్టాన్ని పాటించినవాడికి నాలుగు వేలు, పాటించనివాడికి ఇరవై మూడు వేలు! ఈ లెక్క చూశాక ఎవరు ఏ దారి పడతారో మీకు నేను చెప్పక్కర్లేదు.

విచిత్రం ఏంటంటే, ఫామ్ 29 ఉన్నదే బండి అమ్మినాయన ‘నేను అమ్మేశాను’ అని ఆర్టీఏకి కబురు చెయ్యడానికి. 1988 మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 50 ప్రకారం రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజుల్లో అమ్మినాయన ఆ సంగతి తెలియజేయాలి, కొన్నాయన 30 రోజుల్లో మార్పిడికి దరఖాస్తు చేసుకోవాలి. ఆచరణలో ఆ కాగితం సగం రాసి, సంతకంతో సహా బ్రోకర్ సొరుగులో మూలుగుతూ ఉంటుంది. అమ్మినాయన మాత్రం డబ్బు చేతికి వచ్చింది కాబట్టి పని అయిపోయిందనుకుంటాడు.

అయిపోదు. మొదట ఫోన్‌కి చలాన్ల మెసేజ్‌లు మొదలవుతాయి. తాను ఎప్పుడూ వెళ్లని ఏరియాలో తన పాత బండి సిగ్నల్ జంప్ చేసి ఉంటుంది. ఫొటోలో ఇంకెవరో స్టీరింగ్ దగ్గర ఉంటారు. చలానాతో పోతే అదృష్టమే. 2007లో అమ్మేసిన ఒక కారు చేతులు మారుతూ మారుతూ 2009లో ప్రమాదం చేసింది. కొన్నవాళ్లెవరూ ఆర్సీ మార్చుకోలేదు. నష్టపరిహారం ఎవరు కట్టాలన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018 ఫిబ్రవరిలో కోర్టు తేల్చిందేంటంటే, రిజిస్టర్‌లో ఎవరి పేరుందో చట్టం దృష్టిలో అతనే ఓనర్, బాధ్యతా అతనిదే. నిన్నమొన్నటి సంగతి చూసినా, 2025 నవంబరులో ఢిల్లీ ఎర్రకోట దగ్గర పేలిన కారు ఎన్నో చేతులు మారింది. పోలీసులు ముందుగా పట్టుకున్నది ఆర్సీలో పేరున్న పాత ఓనర్‌నే.

అందుకే నాకు బండి అమ్మే పెద్దవాళ్లు బేరం మధ్యలో ‘బాబూ, నా పేరు ఎప్పుడు పోతుంది?’ అని అడుగుతారు. లెక్చరర్ గారైతే డబ్బు లెక్కపెట్టుకోవడానికి ముందే అడిగారు. నా పేరుకి మారిన ఆర్సీ ఫొటో పంపించాకే ఆయనకి టెన్షన్ తగ్గింది. బ్రోకర్ ఇచ్చే ధర నాకంటే ఐదు వేలు ఎక్కువైనా కొందరు నాకే ఇస్తారు, కారణం ఇదొక్కటే.

ఈ బాధ ఢిల్లీకీ తెలుసు. 2022 డిసెంబరులో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చింది. పాత బండ్ల డీలర్ రిజిస్టరింగ్ అథారిటీ దగ్గర అనుమతి తీసుకోవాలి. ఓనర్ బండి అప్పగించగానే ఆ సమాచారం ఫామ్ 29సీలో పోర్టల్ ద్వారా పంపాలి. అప్పటి నుంచి ఆ బండికి డీలరే ఓనర్ కింద లెక్క, దానితో ఏం జరిగినా అతనిదే పూచీ. రిపేరు, పెయింటింగ్, కొనేవాళ్లకు ట్రయల్ లాంటి వాటికి తప్ప రోడ్డు మీద తిప్పకూడదు, తిప్పిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయాలి. నిజం చెప్పాలంటే చాలా మంచి ఆలోచన. అమ్మినాయనకి ఆ రోజే విముక్తి. డీలర్ తన పేరు ఆర్సీలో ఎక్కించుకోనక్కర్లేదు కాబట్టి ఓనర్ల వరుస పెరగదు, బండి విలువా పడదు.

కానీ అది రాసింది పూర్తిస్థాయి డీలర్‌ని దృష్టిలో పెట్టుకుని. ఐదేళ్ల అనుమతి, దానికి తగ్గ ఫీజు, దరఖాస్తు, రిజిస్టర్లు. నెలకి ముప్పై బండ్లు తిప్పేవాడికి ఇవి లెక్కలోవి కావు. ఏడాదికి మూడో నాలుగో బండ్లు, అదీ అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెట్టుకుని అమ్మేవాడికి ఆ ఫీజులోనే సంవత్సరం లాభం హారతి కర్పూరం. డీలర్‌గా నమోదు కాలేను. మామూలు ఓనర్‌గా కొంటే థర్డ్ ఓనర్ దెబ్బ. మిగిలేది ఓపెన్ ఫామ్స్ దారి. ఊరూరా నాలాంటివాళ్లు ఉన్నారు. మెకానిక్‌లు, డ్రైవర్లు, సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, రిటైరైనవాళ్లు. వాళ్లలో చాలామంది మోసం చెయ్యాలని కాదు, ఇంకో దారి కనపడక ఆ దారిలో నడుస్తున్నారు.

వీళ్లకోసం శాఖ ఎందుకు శ్రమపడాలి అని మీ అధికారులు అడగొచ్చు. రెండు లక్షల లోపు కారు కొనేది ఎవరో ఆలోచించండి. మొదటిసారి బైక్ మీద నుంచి కారులోకి మారే కుటుంబాలు. పెద్ద యాప్‌ల వాళ్లకు, షోరూంల వాళ్లకు ఆ ధర బండ్ల మీద పెద్దగా ఆసక్తి ఉండదు, అందులో మార్జిన్ లేదు. ఆ బండి కొనబోయేవాడికీ మోసానికీ మధ్య ఉండేది కాస్త తెలిసినవాడు, కాస్త నిదానంగా చూసేవాడు.

ఆ చూడటం ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి, ఇది నాకు ఇష్టమైన భాగం. బండి చూడటానికి పొద్దున్నే వెళ్తాను, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. అమ్మేవాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడిచేసి ఉంచితే అక్కడే అనుమానం. బోనెట్ ఎత్తి ఫెండర్ బోల్టుల తలలు చూస్తాను. పానా పెట్టిన చోట పెయింట్ లేచి ఉంటుంది, అంటే ఫెండర్ ఒకసారి ఊడింది. ఆయిల్ మూత తీసి లోపల పాల మీగడలాంటి జిగురు ఉందేమో చూస్తాను, ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని మెకానిక్‌కి చూపించాల్సిందే. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. మీటర్ ముప్పై వేలు చూపిస్తూ, టైర్లు రెండోసారి మార్చినవైతే మీటర్ వెనక్కి తిప్పినట్టే. అద్దాల మీద కూడా తయారైన సంవత్సరం గుర్తుంటుంది. ఒక్క అద్దం మిగతావాటితో కలవకపోతే ఆ పక్క ఏదో జరిగింది.

ఇక వరద బండ్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగినప్పుడు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద, అంటే బాగుచేయించడం గిట్టుబాటు కాదని తేల్చి, డబ్బు కట్టేసిన బండ్లు సాల్వేజ్ వేలంలో, అంటే పాడైన బండ్ల వేలంలో అమ్ముడవుతాయి. వాటిలో కొన్ని కడిగి, తుడిచి, సెంటు కొట్టి మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. డ్రైవర్ సీటు వెనక్కి జరిపి కార్పెట్ ఎత్తితే సీటు పట్టాల మీద తుప్పు, ఫ్లోర్ మడతల్లో సన్నటి ఒండ్రు కనిపిస్తాయి. సీట్ బెల్టు పూర్తిగా బయటికి లాగి చివరిదాకా చూడాలి, దాని మొదట్లో బురద మరక ఎవరికీ కడగడం గుర్తుండదు. మీ రికార్డుల్లో మాత్రం ఆ బండి ఎప్పుడూ నీళ్లు చూడనట్టే ఉంటుంది. బండి పూర్తిగా పనికిరాకుండా పోతే 14 రోజుల్లో తెలియజేయాలని సెక్షన్ 55 అంటుంది. బాగుచేసి తిప్పగల టోటల్ లాస్ బండి ఆ సెక్షన్‌కి అందకుండా జారిపోతుంది.

నేను కోరేది పెద్ద సబ్సిడీ ఏమీ కాదు. డీలర్‌కి ఇచ్చిన ఏర్పాటునే చిన్న కొలతలో మాకూ ఇప్పించండి. ఆధార్‌తో ఆన్‌లైన్ నమోదు, ఏడాదికి నాలుగు బండ్లకు మించకుండా. బండి తీసుకున్న రోజే ఫామ్ 29సీ లాంటి సమాచారం, మూడు నెలల్లో అమ్మకపోతే ఆర్సీ తప్పనిసరిగా నా పేరు మీదికి. ఆ మూడు నెలల్లో ఏం జరిగినా బాధ్యత నాది, కానీ ఓనర్ల వరుసలో నన్ను లెక్కపెట్టొద్దు. ఫీజు బండికి ఇంత అని పెట్టండి, సంతోషంగా కడతాం. నిబంధన కేంద్రానిదని తెలుసు. రాష్ట్రం తరఫున మీరు రాస్తే ఆ ఉత్తరానికి ఉండే బరువు వేరు.

దానికోసం ఆగకుండా మీ చేతుల్లోనే ఉన్న పని ఇంకోటి ఉంది. అమ్మినాయన ఫోన్ నుంచే, కొన్నాయన ఓటీపీతో, ‘ఫలానా తేదీన అప్పగించాను’ అని నమోదు చేసే వీలు కల్పించండి. మార్పిడి పూర్తయ్యేది ఎప్పుడైనా సరే, ఆ తేదీ తర్వాతి చలాన్లు కొన్నాయన ఫోన్‌కి వెళ్లాలి. మన రాష్ట్రం చాలా ఏళ్లు బండ్ల రిజిస్ట్రేషన్ల కోసం కేంద్రం నడిపే వాహన్ పోర్టల్‌లో కలవకుండా సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచింది. సొంతంగా పని చేయించుకోవడం మన శాఖకు కొత్త కాదు. వీలైతే టోటల్ లాస్ సమాచారం కూడా ఇన్సూరెన్స్ కంపెనీల నుంచి తెప్పించి ఆర్సీ వివరాల్లో కనపడేలా చెయ్యండి.

హాబీ పేరు చెప్పి బ్రోకర్లు దూరిపోతారని ఎవరైనా అంటారు. దూరనివ్వండి. ఆధార్‌కి నాలుగు బండ్లంటే నాలుగే. బావమరిది ఆధార్, పనిమనిషి ఆధార్ వాడి మరో పది తిప్పుతారనుకుందాం. ఇప్పుడు సున్నా కాగితంతో తిప్పేవాళ్లు అప్పుడు కనీసం ఎవరి పేరు మీదో కాగితంతో తిప్పుతారు, వెతికితే దొరుకుతారు. పన్ను గురించీ ఒక మాట. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జీఎస్టీ కౌన్సిల్ పాత బండ్ల మీద 18 శాతం అన్నప్పుడు, సొంత కారు అమ్ముకున్నా పన్నేనని వాట్సాప్‌లో గోల గోల అయింది. అది జీఎస్టీలో నమోదైన వ్యాపారికే, అదీ మార్జిన్ మీదే, అంటే కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే. మేమైతే మిగిలిన ఆ కాస్తా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులో చూపిస్తాం. చూపించడానికి బండి మా చేతిలో ఉన్నట్టు ఒక కాగితం ఉండాలి కదా!

మీ అధికారులు ఈ విషయం మీద ఎప్పుడైనా సమావేశం పెడితే డీలర్ల సంఘాలతో పాటు మాలాంటి ఇద్దరు ముగ్గురిని కూడా పిలవండి. ఆదివారమైతే ఇంకా మంచిది, సెలవు పెట్టనక్కర్లేదు. ప్రస్తుతం నా దగ్గరున్న 2014 ఐ10 ఆర్సీ నా పేరు మీదే ఉంది. అది కూడా థర్డ్ ఓనరే, ఎవరైనా అడిగితే అలాగే చెప్తున్నాను.

ఇట్లు,
మీ శాఖకు ప్రతిసారీ ట్రాన్స్‌ఫర్ ఫీజు కడుతున్న ఒక హైదరాబాదీ