ముందే పేరేసిన జెర్సీలు ఇక పెట్టను

నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌లో ఫుట్‌బాల్ ఆట అయిపోయినంక మన దుకాణం ముందట ఆగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి బస్సెక్కి వచ్చే అన్నలకు నమస్తే. పోయిన సీజన్‌లో నా మాట విని జెర్సీ కొన్నోళ్లకు నేను బాకీ ఉన్న. అది చెప్పేందుకే ఇది రాస్తున్న.

లెక్క ముందు చెప్పేస్త. పోయిన ఏడాది జులై, ఆగస్టులో యూరప్‌లో ట్రాన్స్‌ఫర్ విండో (క్లబ్బులు ఆటగాళ్లను కొనే, అమ్మే గడువు) నడుస్తున్నప్పుడు, పెద్ద క్లబ్బులు బెంచ్ కోసం, అంటే అవసరమైతే మధ్యలో దింపేందుకు తెచ్చుకున్న నలుగురు కొత్త ఆటగాళ్ల పేర్లు, నంబర్లు వేసి 64 జెర్సీలు తయారుగ పెట్టిన. 23 పోయినయ్. 41 అటక మీద ఉన్నయ్. జెర్సీని హీట్ ప్రెస్ కింద పెట్టి పేరు అతికించినమంటే ఇక అది ఆ పేరుదే. పీకితే జిగురు మచ్చ మిగులుతది, గీకితే గుడ్డ మెరుపు పోతది. సాదాగ ఉంచితే ఎవరో ఒకరు కొనేటోళ్లు. ఆ నలుగురి పేర్లు ఇక్కడ రాయను. వాళ్ల తప్పేం లేదు, వాళ్ల పని వాళ్లు చేసిండ్రు.

అటక మీద ఉన్నవి నా నష్టం, నేను చూసుకుంట. నిద్ర పట్టనియ్యనిది ఆ 23. అందులో సగానికి పైగ నా మాట మీద పోయినవే. కౌంటర్ పక్కన నల్ల బోర్డు మీద కొత్త ఆటగాళ్ల గురించి రాస్త కదా, అది చదివి నమ్మి కొన్నరు. ఇంటర్ చదివే ఒక పిల్లగాడు రెండు నెలలు పైసలు జమ చేసుకుని వచ్చి, "అన్నా, ఎవరిది తీసుకోమంటవ్?" అని అడిగిండు. నేనే చెప్పిన. జనవరిలో ఆ ఆటగాడిని ఇంకో క్లబ్బుకు లోన్ మీద, అంటే కొంతకాలం అరువుకు, పంపేసిండ్రు. ఆ పిల్లగాడు ఇప్పటికీ అదే వేసుకుని గ్రౌండ్‌కు వస్తడు, నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవుడే నాకు ఎక్కువ బాధైంది.

బెంచ్ ఆటగాళ్ల మీద నాకు ఈ ఇష్టం ఎక్కడ మొదలైందో మీలో చాలామందికి ఎరుకే. 2022 మార్చి 20, గోవాలో ఐఎస్‌ఎల్ (మన దేశ ఫుట్‌బాల్ లీగ్) ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ 1-0తో కేరళ బ్లాస్టర్స్ కంటే వెనుకబడి ఉన్నది. ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిన మన ఓగ్బెచే మైదానంలో ఉన్నా కాలం కలిసొస్తలేదు. 88వ నిమిషంలో దూరం నుంచి కొట్టి సమం చేసింది, సబ్‌స్టిట్యూట్‌గ దిగిన సాహిల్ తవోరా. తర్వాత పెనాల్టీల్లో 3-1తో కప్పు మనది. ఆ రాత్రి దుకాణం షట్టర్ సగం దించి, టీవీ ముందు పాతికమంది నిలబడి చూసినం. తెల్లారి నుంచి నాకు ప్రతి బెంచ్ ఆటగాడిలో తవోరానే కనపడ్డడు. అక్కడే నా లెక్క తప్పింది. ఒక్క గోల్ ఎంత గొప్పదైనా, ఆ మనిషి జెర్సీ ఎంతమంది వేసుకుంటరన్నది దాంతో తేలదు.

ఇప్పుడు కూర్చుని లెక్కేస్తే తెలుస్తున్నది. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో జట్టుకు 38 మ్యాచ్‌లు, అంటే 3,420 నిమిషాలు. బెంచ్ మీది ఫార్వర్డ్ 20 మ్యాచ్‌ల్లో తలా 12 నిమిషాలు ఆడితే మొత్తం 240 నిమిషాలు. మూడు పూర్తి మ్యాచ్‌లు కూడ కాదు. అందులో రెండు గోల్స్ కొడితే "ఎంత మొనగాడు" అనిపిస్తది. 240 నిమిషాలను పట్టి ఎవరూ ఎవరినీ తూచలేరు, గోల్స్ పడ్డా అంతే, పడకపోయినా అంతే. అయిదుగురు సబ్‌స్టిట్యూట్‌లను దింపొచ్చన్న నిబంధన 2022 నుంచి పక్కాగ ఆట చట్టంలోకి వచ్చినంక బెంచ్ వాళ్లకు నిమిషాలు పెరిగినయ్, నిజమే. ఆ పెరిగిన నిమిషాలు కూడ బెంచ్‌లో మొదటి ఇద్దరు ముగ్గురికే ఎక్కువ పోతయ్.

నేను చూసిందేమో నాలుగు నిమిషాల వీడియోలు. మన దిక్కు బత్తాయి తోట గుత్తకు పట్టేటోడు రోడ్డు మీద నిలబడి పైకి కనపడే కాయలు చూసి ధర చెప్పడు. చెట్టు కిందికి పోయి కొమ్మల నడుమ చూస్తడు, కాయ కోసి రసం చూస్తడు. ఆటగాడిని కూడ అట్లనే చూడాలె. బంతి కాలి దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నడు, వెనక్కి ఉరుకుతున్నడా, పోయిన రెండేళ్లలో గాయాలతో ఎన్ని వారాలు ఇంట్ల కూర్చున్నడు? వీటిల్లో ఒక్కటి కూడ వీడియోలో కనపడదు.

అన్నిటికంటే ముందు అడగాల్సింది ఒకటి ఉన్నది. ఏ ఖాళీ నింపేందుకు ఈ మనిషిని తెచ్చిండ్రు? 2023లో బెంజెమా వెళ్లిపోయినంక రియల్ మాడ్రిడ్‌కు ఎత్తు ఉన్న, తలతో కొట్టగల ఒక స్ట్రైకర్ కావాల్సి వచ్చిండు. అప్పుడే కింది డివిజన్‌కు పడిపోయిన ఎస్పాన్యోల్ నుంచి 33 ఏళ్ల హొసేలును లోన్ మీద తెచ్చుకున్నరు. చాలామంది పెదవి విరిచిండ్రు, నేను కూడ. 2024 మే 8న ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్, బయర్న్ మీద 1-0తో వెనుకబడి ఉన్నప్పుడు బెంచ్ నుంచి వచ్చి, 88వ నిమిషంలో ఒకటి, 90 నిమిషాలు నిండి ఇంజురీ టైం మొదలుకాంగనే ఇంకొకటి కొట్టి జట్టును ఫైనల్‌కు తీసుకుపోయిండు. ఖాళీ ఏందో క్లబ్బుకు స్పష్టంగ తెలుసు, దానికి సరిపోయే మనిషి దొరికిండు.

మాంచెస్టర్ సిటీలో స్కాట్ కార్సన్ సంగతి చూడుండ్రి. మూడో గోల్‌కీపర్. 2019లో వచ్చి 2025 దాకా ఉన్నడు, ఆడింది రెండు మ్యాచ్‌లు. క్లబ్బుకు అది మంచి కొనుగోలే. రోజూ ప్రాక్టీసులో నిలబడాలె, కుర్రోళ్లకు అనుభవం చెప్పాలె, ఇద్దరు కీపర్లకూ దెబ్బ తగిలితే దిగాలె, దిగలేదని మొహం మాడ్చుకోవద్దు. అటువంటి మనిషి దొరకుడు కష్టం. కానీ నల్లగొండలో కార్సన్ పేరు మీద జెర్సీ ఎవరు కొంటరు? ఈ రెండూ నేను కలిపేసిన. జట్టుకు పనికొచ్చేటోడు దుకాణంలో అమ్ముడుపోతడని అనుకున్న, అదే మాట మీకూ చెప్పిన.

రెండు మూడు చోట్ల ఆడగలిగేటోళ్ల మీద మాత్రం నా నమ్మకం తగ్గలేదు. ఇది మన హైదరాబాద్ ఆనవాయితీయే అంట. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్‌లో మన దేశం డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడితే, జట్టు కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్ ఆయనను పక్కన కూర్చోబెట్టకుండ ఫార్వర్డ్‌గ దింపిండు. ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో గెలిస్తే అందులో ఒక గోల్ ఆయనదే.

హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీల గురించి కూడ అడుగుతున్నరు. 2023-24 సీజన్‌లో ఆ క్లబ్బుకు పైసల ఇబ్బంది వచ్చి పెద్ద ఆటగాళ్లు మధ్యలోనే పోయిండ్రు, కుర్రోళ్లే ఎక్కువగ ఆడాల్సి వచ్చింది, 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. 2025లో క్లబ్బే ఢిల్లీకి పోయి పేరు మార్చుకున్నది. నా దగ్గర ఇంకా 9 సాదా పసుపు జెర్సీలు ఉన్నయ్. కావాల్సినోళ్లకు కొన్న ధరకే ఇస్త. మీకు నచ్చితే మీ పేరే వేయించుకోండ్రి.

ఇప్పటి నుంచి దుకాణంలో అన్నీ సాదా జెర్సీలే ఉంటయ్. పేరు, నంబర్ మీరు అడిగినంక, మీ ముందటనే వేస్త, పావుగంట పని.  కొత్తగ వచ్చిన ఆటగాడి పేరు అడిగితే కాదనను. కానీ లోన్ మీద వచ్చిండా, ఎన్నేళ్ల కాంట్రాక్టు, అదే స్థానంలో ఆయనకంటే ముందు ఎవరున్నరు అన్నది నాకు తెలిసినంత చెప్పి, అప్పుడు మెషిన్ వేడి చేస్త.

నల్ల బోర్డు తీసేయమని ఇంట్ల అన్నరు. తీయను. దాని మీద గీత గీసి రెండు భాగాలు చేసిన. ఒక దిక్కు "జట్టుకు", ఇంకో దిక్కు "జెర్సీకి". రెండు చోట్లా టిక్కు పడ్డోళ్లు ఈ వారం దాకా ఇద్దరే.

పోయిన ఏడాది ఆ నలుగురిలో ఎవరి పేరు మీదైనా నా దగ్గర కొన్నోళ్లు దసరా లోపల జెర్సీ పట్టుకుని రండ్రి. బిల్లు లేకున్నా సరే, నాకు మొహాలు యాదికున్నయ్. అదే సైజులో సాదా జెర్సీ ఇచ్చి, మీకు కావాల్సిన పేరు ఉత్తగనే వేసిస్త. జెర్సీ వద్దనుకుంటే పైసలు తీసుకపోండ్రి. పాతది వాపస్ ఇయ్యాల్సిన పని లేదు, ఆడుకునేటప్పుడు వేసుకోండ్రి. అటక మీది 41 జెర్సీలు మేకల అభినవ్ స్టేడియంలో పొద్దుగాల ప్రాక్టీసుకు వచ్చే చిన్న పిల్లలకు ఇస్తున్న. వీపు మీద ఏ పేరుంటే ఏంది, వాళ్లకు చెమట పీల్చే గుడ్డ కావాలె.

దుకాణం పొద్దుగాల పది నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా తెరిచి ఉంటది. ఆదివారం మధ్యాహ్నం బంద్. ఇంటర్ తమ్మీ, ఇది చదువుతుంటే నువ్వే ముందు రా. నీ సైజు ఒకటి పక్కకు తీసి పెట్టిన.