ఆరెంజ్ అవక్షేపం ఒక్కసారి చూపించండి సార్: ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. మా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్ బాగుచేయించడానికి అడిగిన గ్రాంటు ఫైలు గురించి మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మూడు అర్జీలు పెట్టాం. మూడోదానికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ సమస్య పరిష్కరించబడినది" అని. రాత్రికి రాత్రి ఎవరైనా వచ్చి బాగుచేసి పోయారేమోనని పొద్దున్నే వెళ్లి ల్యాబ్ తలుపు తీశాను. కొత్తగా ఒక గబ్బిలం వచ్చింది, అంతే.

నేను శ్రీకాకుళం జిల్లాలో పలాస వైపు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ గెస్ట్ లెక్చరర్‌ని. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా ఫ్యూమ్ కబోర్డు (విషవాయువుల్ని బయటికి పంపే అర) గొట్టం, ఎగ్జాస్ట్ ఫ్యాను రెండూ ఎగిరిపోయాయి. ఫ్యాను పక్క జీడితోటలో దొరికింది, గొట్టం దొరకలేదు. ఆ కన్నానికి ఇప్పటికీ ఫ్లెక్సీ కట్టి ఉంది. ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మ ఉందో ఇక్కడ రాయను.

గొట్టం లేకపోతే ఏమైందంటారా? ఒక్క ఆంటిమొని అనే మూలకం సంగతి చెబుతాను, మిగతావి మీరే ఊహించుకోండి. సాల్ట్ అనాలిసిస్‌లో, అంటే ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టే ప్రాక్టికల్‌లో, అది రెండో గ్రూపు. లవణాన్ని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో కరిగించి హైడ్రోజన్ సల్ఫైడ్ పంపితే ఆరెంజ్ రంగు అవక్షేపం, అంటే కరగని పొడి, అడుక్కి దిగుతుంది. ఆ గ్రూపులో మిగతావన్నీ నలుపో, పసుపో, గోధుమరంగో. ఆరెంజ్ దీనొక్కదానిదే. ఒకసారి చూస్తే జన్మలో మర్చిపోరు. కానీ ఆ గ్యాసు విషం సార్. ముందు కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది, మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ కంపు కూడా తెలియదు. ఫ్లెక్సీ కట్టిన గదిలో నలభై మంది పిల్లల్ని పెట్టుకుని ఆ పని నేను చేయలేను.

అందుకని ఏం చేస్తున్నామంటే, రికార్డులో "ఆరెంజ్ అవక్షేపం ఏర్పడినది" అని రాయిస్తున్నాం. కింద ఎర్ర ఇంకుతో నేను సంతకం పెడుతున్నాను. ఆ సంతకం అబద్ధం. మొన్న ఒకమ్మాయి అడిగింది, "సార్, ఆరెంజ్ అంటే బత్తాయి పండు రంగా, కాషాయమా?" అని. కాషాయానికి దగ్గరగా ఉంటుందమ్మా అన్నాను. నేను చూసి ఇరవై ఏళ్లయింది. నాకూ అనుమానమే.

గ్యాసు అక్కర్లేని పరీక్ష ఇంకోటి ఉంది. ఆంటిమొని క్లోరైడ్ ద్రావణాన్ని ఎక్కువ నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడుతుంది. అది ఆక్సీక్లోరైడ్. అందులో టార్టారిక్ యాసిడ్ వేస్తే మళ్లీ తేటపడుతుంది. అదే గ్రూపులోని బిస్మత్ అయితే తేటపడదు. చక్కటి పరీక్ష, కానీ దానికి నీళ్లు కావాలి. ల్యాబ్‌లో కుళాయి లేదు. పిల్లలు ఇంటి నుంచి ప్లాస్టిక్ బాటిళ్లలో తెచ్చుకుంటారు. (ఆ బాటిల్ ప్లాస్టిక్ తయారీలో ఉత్ప్రేరకంగా వాడేది ఎక్కువగా ఆంటిమొని ట్రయాక్సైడే. చచ్చిపోయిన మా ఇన్వర్టర్ బ్యాటరీలో సీసం పలకలు గట్టిగా ఉండటానికి కలిపేదీ ఆంటిమొనే. అలా చూస్తే మా ల్యాబ్‌లో ఆంటిమొని లేదనడం తప్పు. మీ అధికారులు ఈ ముక్క నివేదికలో రాసుకోవచ్చు.)

అసలు క్లోరైడ్ సీసా సంగతి చెప్పలేదు కదూ. అది గాలిలో తేమ లాగేసుకుంది. మూత బిగుసుకుపోయింది, లేబుల్ ఊడిపోయింది. పోనీ మనమే తయారుచేద్దాం అనుకున్నాను. నీలాంజనం, అంటే ఆంటిమొని సల్ఫైడ్ పొడిని గాఢ హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో వేడి చేస్తే క్లోరైడ్ వస్తుంది. నీలాంజనమే కదా అని బజార్లో సుర్మా (కళ్లకు పెట్టుకునే పొడి) కొన్నాను, నా డబ్బులే. జీడిచెట్టు కింద, గాలివాటం చూసుకుని వేడి చేశాను. కంపు బాగానే కొట్టింది. తీరా చల్లారాక తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు దిగాయి. అది లెడ్ క్లోరైడ్. నేను కొన్నది ఆంటిమొని కాదు, సీసం! పసిపిల్లల కళ్లకు పెడుతున్నారు దాన్ని. ఆ విషయం ఇంకో మంత్రి గారికి వేరే లేఖ రాయాలి.

ఒక పెద్దాయన నాకు నీతి చెప్పారు. ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి కలకత్తాలో గ్యాస్ కనెక్షన్, కుళాయి లేని గదిలో, కిరసనాయిలు దీపం వెలుగులో కాలా అజార్ అనే ప్రాణాంతక జ్వరానికి యూరియా స్టిబమైన్ అనే మందు కనిపెట్టలేదా అని. కనిపెట్టారు, మహానుభావుడు. ఆంటిమొని మందుతో ఎన్నో ప్రాణాలు నిలబెట్టారు. కానీ అది 1920ల నాటి మాట, తెల్లవాళ్ల పాలన. పైగా ఆయన దగ్గర ఆంటిమొని అయినా ఉంది.

మీరు పంపిన స్మార్ట్ బోర్డు అందింది, కృతజ్ఞతలు. అందులో ఈ ప్రయోగం వీడియో చూపించాను. అవక్షేపం ఎర్రగా కనిపించింది. కెమెరా లోపమో, బోర్డు లోపమో. రేపు పైడిభీమవరంలో ఏ మందుల కంపెనీ ల్యాబ్‌లోనో ఉద్యోగానికి వెళ్తే, "చేశావా?" అని అడుగుతారు గానీ "వీడియో చూశావా?" అని అడగరు కదా సార్.

పిల్లల దగ్గర ల్యాబ్ ఫీజు తీసుకుంటున్నాం. నెలాఖరుకి ప్రాక్టికల్స్. కుళాయి వేయించండి. కెమికల్స్ ఇప్పించండి. అన్నీ కుదరకపోతే కనీసం ఆ గొట్టం. ఫ్యాను మా దగ్గరే ఉంది, తుడిచి బీరువా మీద పెట్టాను. గొట్టం పంపిస్తే నిచ్చెన వేసుకుని మేమే బిగించుకుంటాం.

ఇట్లు,
ఒక గెస్ట్ లెక్చరర్, శ్రీకాకుళం జిల్లా
(వచ్చే ఏడాది రెన్యువల్ ఉంది, పేరు రాయనందుకు మన్నించండి)