షియా, సున్నీ విభేదాన్ని ‘పద్నాలుగు శతాబ్దాల వైరం’ అనకండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

పశ్చిమాసియాలో ఎక్కడ బాంబు పేలినా, ఏ రెండు ప్రభుత్వాల మధ్య పోరు ముదిరినా, మన పత్రికలు ‘షియా, సున్నీల మధ్య పద్నాలుగు వందల ఏళ్ల వైరం’ అనే ఒక్క వాక్యంతో కారణం తేల్చేస్తున్నాయి. అది చదివినవారికి ఈ రెండు వర్గాలూ ఏడో శతాబ్దం నుంచి నేటిదాకా తెరిపి లేకుండా కొట్టుకుంటూనే ఉన్నాయనిపిస్తుంది. చరిత్ర అలా లేదు కనుకనే ఈ లేఖ రాస్తున్నాను.

632లో మదీనాలో ముహమ్మద్ ప్రవక్త మరణించినప్పుడు అనుచరుల మధ్య తలెత్తిన వివాదం దేవుడి గురించీ ఖురాన్ గురించీ కాదు, ఇకపై సమాజాన్ని నడిపించేది ఎవరన్న దాని గురించి. సఖీఫా అనే సమావేశ స్థలంలో కూడినవారు అబూబకర్‌ను ఖలీఫాగా ఎన్నుకున్నారు. ప్రవక్త తండ్రికి సోదరుడైన అబూతాలిబ్ కుమారుడూ, ప్రవక్త కుమార్తె ఫాతిమాకు భర్తా అయిన అలీకే ఆ స్థానం దక్కాలని కొందరు నమ్మారు. ఈ పక్షం నుంచే తర్వాత షియాలు, మొదటి పక్షం నుంచి సున్నీలు రూపొందారు. ఆ ఏడాదే మక్కా, మదీనా మధ్య ఉన్న గదీర్ ఖుమ్ వద్ద ప్రవక్త అలీని గురించి చెప్పిన మాటలను ఇరువర్గాలూ అంగీకరిస్తాయి. షియాలకు అవి వారసుడి ప్రకటన, సున్నీలకు అలీ పట్ల గౌరవాభిమానాల ప్రకటన. అలీ 656లో నాలుగో ఖలీఫా అయ్యారు. మరుసటి ఏడాది సిఫ్ఫీన్ యుద్ధంలో తనను ఎదిరించిన సిరియా పాలకుడు ముఆవియాతో మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నందుకు ఆయన సైన్యంలోనే ఒక వర్గం తిరగబడి విడిపోయింది. చరిత్రలో ఖారిజీలుగా పేరుపడిన ఆ తొలి చీలిక వర్గానికి చెందినవాడే 661లో ఇరాక్‌లోని కూఫా మసీదులో అలీని చంపాడు. ఇస్లాంలో చీలికలంటే షియా, సున్నీలు మాత్రమే అనుకునేవారు ఈ మూడో పాయను మరచిపోతుంటారు.

ఆ వివాదం విశ్వాసంగా మారింది ఇరాక్‌లోని కర్బలాలో. కూఫా ప్రజలు రమ్మని లేఖలు రాస్తే బయలుదేరిన అలీ కుమారుడు హుసేన్‌కు తీరా ఆపదవేళ ఆ ప్రజలు అండగా నిలవలేదు. 680లో, మొహర్రం నెల పదో రోజున, యూఫ్రటీస్ నీరు అందకుండా చేసి ముఆవియా కుమారుడైన ఖలీఫా యజీద్ సైన్యం ప్రవక్త మనుమడైన ఆయనను కొద్దిమంది అనుచరులతో సహా హతమార్చింది. ఆ దుఃఖం షియాలలో వేరూనినంత లోతుగా ఏ సిద్ధాంత గ్రంథమూ వేరూనలేదు. అయితే హుసేన్‌ను తలచుకుని కన్నీరు పెట్టే సున్నీలూ అసంఖ్యాకంగా ఉన్నారు. యజీద్ చేసినదాన్ని సమర్థించే సున్నీలు ఎంతో అరుదు.

ఇదంతా కేవలం అధికారం కోసం జరిగిన తగవని కొట్టిపారేయడం కూడా సరికాదు. ప్రవక్త వంశంలోని ఇమాములు దైవ నియామకంతో వచ్చినవారనీ, వారు పాపరహితులనీ షియాలలో అత్యధికులైన ‘పన్నెండు ఇమాముల’ శాఖవారు నమ్ముతారు. ఈ నమ్మకం సున్నీలకు లేదు. ఈ తేడా నిజమైనది, గౌరవించదగినది. కానీ అది ఒక్కరోజులో ఏర్పడలేదు. 765లో ఆరో ఇమామ్ జాఫర్ సాదిఖ్ మరణించాక వారసుడెవరన్న దానిపై షియాలలోనే ఇస్మాయిలీలు వేరుపడ్డారు. హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ అనే నాలుగు సున్నీ న్యాయ సంప్రదాయాలు ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల పండితుల పేర్ల మీద స్థిరపడ్డాయి. నమాజులో చేతులు కట్టుకోకుండా వదిలేయడం షియాల గుర్తు అని మనవాళ్లు అనుకుంటారు గానీ, ఆఫ్రికాలో మాలికీ సున్నీలు అనేకులు అలాగే నిలబడతారు.

ఈ విభేదాన్ని సరిహద్దు రేఖగా మార్చడంలో రాజ్యాల పాత్ర పెద్దది. ఒకప్పుడు అధికశాతం సున్నీలే ఉన్న ఇరాన్‌లో 1501లో సఫవీ రాజు ఇస్మాయిల్ షియా మతాన్ని రాజమతం చేశాడు. 1514లో చాల్దిరాన్ వద్ద అతనికీ సున్నీ అయిన ఒట్టోమన్ సుల్తాన్ సెలీమ్‌కూ యుద్ధం జరిగింది. ఇక మన కాలానికి వస్తే, 1962లో యెమెన్‌లో సైనిక తిరుగుబాటుతో గద్దె దిగిన రాజు షియాలలోని జైదీ శాఖకు ఇమామ్. ఆయన పక్షాన నిలిచింది సున్నీ రాజ్యమైన సౌదీ అరేబియా. ఎదురుగా తిరుగుబాటుదారుల కోసం సైన్యాన్ని పంపింది సున్నీ మెజారిటీ దేశమైన ఈజిప్టు. అదే సౌదీ 2015లో అదే యెమెన్‌లో జైదీలైన హౌతీ సాయుధ వర్గం మీద యుద్ధానికి దిగింది. మధ్యలో మారింది మతమా, రాజకీయ ప్రయోజనమా? 1980 నుంచి 1988 దాకా ఇరాన్‌తో పోరాడిన ఇరాక్ సైన్యంలో సాధారణ సైనికులు ఎక్కువమంది షియాలే. ‘ప్రాచీన వైరం’ అన్న వివరణ ఈ రెండు ఉదాహరణల ముందు నిలవదు.

ఇరాక్‌లోని సమర్రాలో షియాల అస్కరీ ఇమాముల దర్గాను 2006లో పేల్చివేసినప్పుడు, పాకిస్తాన్‌లోని క్వెట్టాలో షియాలైన హజారా తెగవారిని వరసగా చంపినప్పుడు మతం పేరుతోనే చంపారన్నది కాదనలేని నిజం. అయితే ఆ హత్యలకు పూనుకున్న సంస్థలకు పేర్లున్నాయి, వాటిని పోషించిన పరిస్థితులకు తేదీలున్నాయి. ఇరాక్‌లో ఆ హింస చెలరేగింది 2003లో అమెరికా దండయాత్ర తర్వాత. మరోపక్క, షియాల జాఫరీ న్యాయ సంప్రదాయాన్ని అనుసరించడం సమ్మతమేనని 1959లో కైరోలోని ప్రఖ్యాత సున్నీ విద్యాపీఠం అల్ అజ్హర్ అధిపతి షల్తూత్ ఫత్వా ఇచ్చారు. ఇలాంటివి మన పత్రికల్లో కనబడవు.

తెలుగు పాఠకులకు ఈ విషయం దూరమైనదేమీ కాదు. హైదరాబాద్‌ను నిర్మించిన కుతుబ్ షాహీలు షియాలు. మొహర్రం సంతాప మందిరమైన బాద్‌షాహీ ఆషూర్ఖానా వారిలో ఒకరైన మహమ్మద్ కులీ కట్టించినది. తర్వాత వచ్చిన ఆసఫ్ జాహీలు సున్నీలే అయినా మొహర్రం ఆచారాలకు ఆదరణ తగ్గలేదు. ఏడో నిజాం తన తల్లి స్మారకంగా అజాఖానా ఎ జహ్రా అనే అలాంటి సంతాప మందిరాన్నే కట్టించాడు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్లను ఎత్తుకునేవారిలో సున్నీలూ హిందువులూ ఉన్నారు. ఇది ఇస్లాంకు విరుద్ధమనే సున్నీ సంస్కరణవాదుల అభ్యంతరం కూడా చాలా చోట్ల వినబడుతుంది. ఆ చర్చ ముస్లింలు తమలో తాము జరుపుకోవలసినది.

మీకు నా విన్నపం రెండు విషయాల్లో. ఏ ఘర్షణ గురించి రాసినా అందులో ఉన్న ప్రభుత్వం, పార్టీ, సాయుధ సంస్థ ఏదైతే దాని పేరు స్పష్టంగా రాయండి. ‘షియాలు’, ‘సున్నీలు’ అని కోట్లాది మందిని ఒక్క మాటలో కట్టేయకండి. రెండవది, ఏటా మొహర్రం పదో రోజున రాజకీయ నాయకుల పేరిట వచ్చే శుభాకాంక్షల ప్రకటనలను యథాతథంగా అచ్చు వేయడం మానండి. షియాలకు అది సంతాప దినం, సున్నీలలో చాలామంది ఉపవాసం ఉండే రోజు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు,
కర్నూలు